నవ్వు సాక్ష్యం కాదు

"నవ్వుకుంటూ వెళ్ళింది మేడమ్. నవ్వుకుంటూ! ఇంకేటి కావాలి మీకు?"

సి.ఐ. కృష్ణంరాజు తన ఫోను సూర్యకళ ముక్కు దాకా తెచ్చి పట్టుకున్నాడు. ఎదురింటి కెమెరాలో పడిన వీడియో అది. నిన్న ఉదయం తొమ్మిదిన్నరకి తీసింది. ముఖానికి చున్నీ చుట్టుకున్న ఒక ఆడమనిషి గేటు దగ్గర నిలబడి ఉంది. ఆవిడ పక్కన ఎనిమిదేళ్ళ రాణి. చేతులు రెండూ గాల్లోకి ఎత్తి, కాళ్ళు ఎడంగా వేసుకుంటూ, తూలుతూ, పకపకా నవ్వుతూ ఆటో వైపు నడుస్తోంది. ఆటో కదిలింది. అంతే, అప్పట్నుంచీ పిల్ల జాడ లేదు.

"తెలిసిన మనిషి కాకపోతే పిల్ల ఏడవదా? అరవదా?" అన్నాడు కృష్ణంరాజు. "ఇంట్లో పనిచేసే కాశమ్మే అది. ముఖం కనబడకపోతే ఏటైంది, ఆవిడ ఫోన్లోంచి పద్మనాభానికి పదేపదే కాల్స్ వెళ్ళేయి. ఆవిడ ఊరే అది. రాత్రి తీసుకొచ్చి కూచోబెట్టాం. నోరు విప్పట్లేదు. సాయంత్రానికి విప్పిస్తాను. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈ కృష్ణంరాజు పట్టేస్తాడు."

సూర్యకళ కళ్ళు నులుముకుంది. ఒక పెళ్ళికొడుకు గుణగణాల కోసం రెండు రాత్రులుగా ఒక లాడ్జి ఎదురుగా కారులో కూచుంది. నలభై తొమ్మిదేళ్ళ వయసులో, ఎస్.ఐ. ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషికి దొరికే పనులు ఇలాగే ఉంటాయి. నడుం విరిగిపోతోంది. ఈ కేసు ఇంకెవరైనా అప్పగిస్తే రేపు చూద్దాం అనేసేది. కానీ పిలిచింది భీమశంకరరావు. ఆవిడ తండ్రితో కలిసి పోర్టులో ముప్ఫయ్యేళ్ళు ఖలాసీగా పనిచేసినవాడు. ఇద్దరూ గోదావరి జిల్లా నుంచి ఒకే రైల్లో వచ్చి పోర్టులో చేరారని ఇంట్లో కథలు కథలుగా చెప్పేవారు. చిన్నప్పుడు ఈవిడని భుజాల మీద కూచోబెట్టుకుని ఓడలు చూపించినవాడు. ఆయన "కళా, నా మనవరాలు కనబడట్లేదమ్మా" అంటే కాదనడం ఆవిడ వల్ల కాలేదు.

"కృష్ణంరాజుగారూ," అంది. "ఆ పిల్ల మిమ్మల్ని చూసినా నవ్వుతుంది. కరిచే కుక్కని చూసినా నవ్వుతుంది. దాని జబ్బే అది. ఏంజెల్‌మన్ సిండ్రోమ్ అంటారు. మాట రాదు, మూర్ఛలొస్తాయి, నిద్ర పట్టదు. భయమేసినా, ఒళ్ళు బాగోకపోయినా బయటికొచ్చేది నవ్వే. దాని నవ్వు సాక్ష్యం కాదు."

"మీరు డాక్టరైపోయేరా మేడమ్, డిపార్ట్‌మెంట్ వదిలేసాక?"

ఇద్దరూ ఒకే బ్యాచ్. ఆవిడ రాజీనామా ఇచ్చిన రోజున స్వీట్లు పంచింది ఈయనే. సూర్యకళ ఫోను తీసుకుని వీడియో మళ్ళీ మొదట్నుంచి పెట్టింది.

"నవ్వు చూడకండి. ఆ మనిషి చేతులు చూడండి. ముందు పిల్ల రెండు చేతులూ పట్టుకుని తన గుండెకి అదుముకుంది. చేతులు కొట్టుకోవడం తగ్గేదాకా అలాగే ఆగింది. తర్వాత నీళ్ళ సీసా తీసి, పిల్ల కళ్ళ ముందు ఊపింది. సీసా వెంట పిల్ల నడిచింది. ఎక్కడా లాగలేదు, ఎత్తుకోలేదు. కాశమ్మ ఈ ఇంట్లో చేరి మూడు నెలలు. ఈ పనితనం మూడు నెలల్లో రాదు. ఇలాంటి పిల్లని ఏళ్ళ తరబడి పెంచిన మనిషి ఇది."

"ఇలాంటి పిల్లలు వీధికొకరు ఉంటారేటి?"

"ఉండరు. అదే నా సందేహం."

కృష్ణంరాజు ఫోను లాక్కుని, జీపు దగ్గరకి పోయి ఎవరినో కేకలెయ్యడం మొదలుపెట్టాడు.

సబ్బవరంలో కొత్తగా వేసిన కాలనీలో చివరి ఇల్లు అది. ఇంట్లో ఉండేది ముగ్గురు. భీమశంకరరావు, ఆయన కూతురు నిఖిత, ఆమె కూతురు రాణి. భార్య వెంకటరమణమ్మ పోయి రెండేళ్ళయింది. అల్లుడు సాయిశంకర్, వెంకటరమణమ్మ అన్నగారి కొడుకే, నాలుగేళ్ళ క్రితం విడాకులు తీసుకుని వెళ్ళిపోయాడు. ఇంటి సంగతి అంతే.

వసారాలో భీమశంకరరావు స్టూలెక్కి ఉయ్యాల తాడు బిగిస్తున్నాడు. చెక్క ఉయ్యాల. నైలాన్ తాడు ఇనప కొక్కేనికి రెండు చుట్లు తిప్పి ముడేశాడు.

"దిగండి బాబాయిగారూ, పడతారు."

"పిల్ల వస్తే ఊగాలి కదమ్మా. తాడు వదులైపోయింది." ఆయన దిగి ఉయ్యాల మీదే కూలబడ్డాడు. వారం రోజులుగా గడ్డం చేసుకోలేదు. "బతికే ఉంటుందంటావా కళా?"

"ఉంటుంది. నిఖితతో మాట్లాడాలి. ఈలోగా పెరడు చూస్తాను."

పెరట్లో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. ఒక కరివేపాకు మొక్క, బట్టలారేసే తీగ, మూలగా నీళ్ళ సంపు. సంపుకి ఇనప మూత. దాని గడియకి తళతళలాడుతున్న కొత్త తాళం కప్ప. మూతేమో తుప్పుపట్టి ఉంది. ఇంత పాత మూతకి హఠాత్తుగా కొత్త తాళం ఎందుకొచ్చిందని ఆవిడ నిఖితని పిలిచి తాళంచెవి అడిగింది. నిఖిత ఇవ్వడానికి వెనకాడింది. ఇచ్చి, అక్కడ నిలబడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

మూత ఎత్తడానికి సూర్యకళ మోకాళ్ళ మీద కూచోవలసి వచ్చింది. మోకాళ్ళు గోల పెట్టాయి. సంపు నిండా నీళ్ళున్నాయి. దిగడానికి గోడకి ఇనప మెట్లు. ఫోను లైటు వేసి చూస్తే, పై నుంచి రెండో మెట్టుకి ఏదో మెరిసింది. వెండిరంగు చిప్స్ ప్యాకెట్. లోపలి పక్క బయటికి తిప్పి, నైలాన్ దారంతో మెట్టుకి కట్టి ఉంది. గాలి తగిలితే గలగలమంటోంది. లైటు పడితే తళుక్కుమంటోంది.

ఇలాంటి పిల్లలకి నీళ్ళన్నా, తళుకన్నా, ప్లాస్టిక్ కవరు చప్పుడన్నా ప్రాణం. మూత తీసి వదిలేస్తే చాలు, పిల్ల తనంతట తనే వచ్చి, ఆ ప్యాకెట్ కోసం వంగుతుంది. తోసేవాళ్ళు అక్కర్లేదు. ఎవరి చేతికీ మట్టి అంటదు.

ఆవిడ ముడి ఫోటో తీసింది. రెండు చుట్లు తిప్పి, కొసని చిన్న చెవిలా బయటికి తీసిన ముడి. ఆ చెవి పట్టి లాగితే మొత్తం ఒక్కసారిగా విడిపోయింది. ప్యాకెట్‌ని రుమాల్లో చుట్టి బ్యాగులో పడేసింది. ఎక్కడో చూసినట్టుందే అనిపించింది గానీ, రెండు రాత్రుల నిద్ర బాకీ ఉన్న బుర్ర అంతకు మించి పని చెయ్యనంది.

అక్కడే తిన్నె మీద కూచుని డాక్టర్ నీలిమకి ఫోను చేసింది. జన్యు జబ్బులు చూసే డాక్టరు. రాణికి రక్తపరీక్షలు చేయించింది ఆవిడే.

"పిల్ల ప్రాణం సంగతి కాబట్టి చెప్తున్నాను," అంది నీలిమ. "యూబీఈ త్రీ ఏ అని ఒక జన్యువుందండీ. స్టీల్‌ప్లాంట్లో స్క్రాపు యార్డు తెలుసు కదా మీకు? ఏది పారెయ్యాలో దాని మీద ఎవరో ఒకరు పెయింటు గుర్తు వెయ్యాలి. గుర్తు లేకపోతే క్రేన్‌వాడు ముట్టుకోడు. మెదడు కణాల్లో పని అయిపోయిన ప్రొటీన్ల మీద అలాంటి గుర్తు వేసేది ఈ జన్యువు చేయించే ఎంజైము. అది పని చెయ్యకపోతే పోవలసింది పోదు, లోపలే పేరుకుపోతుంది. రాణికి జరిగింది అదే."

"మేనరికం వల్ల అన్నారే అందరూ?"

"అందరూ అదే అంటారు. బావని చేసుకుందని వినగానే మా డాక్టర్లు కూడా కొందరు పెన్ను మూసేస్తారు. మేనరికం వల్ల వచ్చే జబ్బులు వేరే ఉన్నాయి. ఇది ఆ బాపతు కాదు. నిఖిత బావని కాక పై ఊరి మనిషిని చేసుకున్నా ఇదే జరగొచ్చు."

సూర్యకళకి వెంకటరమణమ్మ గుర్తొచ్చింది. ఆ మేనరికం పట్టుబట్టి చేసింది ఆవిడే. పిల్ల అలా పుట్టాక ఆరేళ్ళపాటు పేరంటానికి వెళ్ళినా, పూర్ణా మార్కెట్లో కూరలకి వెళ్ళినా, "నీ పుట్టింటి మోజే పిల్ల కొంప ముంచింది" అని ఎవరో ఒకరు అంటూనే ఉండేవారు. ఇంట్లో భర్త కూడా అన్నాడు. ఆ మాట మోసుకునే ఆవిడ పోయింది.

"మరి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"అందరికీ అమ్మ నుంచి ఒక కాపీ, నాన్న నుంచి ఒక కాపీ వస్తాయి. ఈ జన్యువు విషయంలో మాత్రం మెదడులో నాన్న కాపీ నిద్రపోతుంది. అమ్మ కాపీ ఒక్కటే కాపలా కాస్తుంది. అందుకని అమ్మ నుంచి వచ్చినదాంట్లో తప్పుంటేనే జబ్బు. నాన్న నుంచి వచ్చినదాంట్లో తప్పున్నా, అదెలాగూ నిద్రపోతోంది కాబట్టి ఏమీ తెలియదు. రాణికి నిఖిత నుంచి వచ్చింది. అయితే నిఖిత బాగానే ఉంది కదా? అంటే నిఖితకి వాళ్ళమ్మ నుంచి రాలేదు. వచ్చి ఉంటే ఆవిడా రాణిలాగే ఉండేది."

"అంటే భీమశంకరరావుగారి నుంచి."

"అవును. ఆయనలోనూ తెలియలేదు, కూతుర్లోనూ తెలియలేదు. పోయిన వారం ఇద్దరికీ చెప్పాను. ఆయన ఒక్కటే అడిగారు, 'అంటే నేనిచ్చానా?' అని. అవునండీ, ఇందులో మీ తప్పేమీ లేదు అనేలోగానే లేచి వెళ్ళిపోయారు. చెప్పులు కూడా మా గుమ్మంలోనే వదిలేసి వెళ్ళారు."

పాపం బాబాయి, అనుకుంది సూర్యకళ. చచ్చిపోయిన పెళ్ళానికి క్షమాపణ ఎలా చెప్పుకుంటాడు? అంతకు మించి ఆలోచించలేదు. అక్కడ ఆలోచించి ఉంటే బాగుండేది.

నిఖిత తన గదిలో మంచం మీద కూచుని ఉంది. ముప్ఫై రెండేళ్ళు. స్టీల్‌ప్లాంట్ ఆఫీసులో ఉద్యోగం మానేసి ఎనిమిదేళ్ళుగా పిల్లతోనే ఉంటోంది. సూర్యకళ తలుపు దగ్గరగా వేసి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూచుంది.

"మూర్ఛల మందు సీసా ఎక్కడుంది?"

"అలమారాలో."

"లేదు. చూశాను. రాణి దిండు కూడా లేదు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు మూర్ఛల మందూ, దిండూ అడిగి పట్టుకెళ్తాడా?"

నిఖిత దుప్పటి అంచు మడత పెట్టసాగింది.

"మందు రోజుకి ఎన్నిసార్లు?"

"రెండు. పొద్దున్నా, రాత్రీ."

"నిన్న రాత్రి మందు పడిందో లేదో తెలియని తల్లి ఇవాళ ఎలా ఉండాలి? గోడకి తల కొట్టుకోవాలి. నీ చెంప మీద చూడమ్మా, దిండు ముడత పడిన గీత ఇంకా పోలేదు. నీ కళ్ళు ఏడ్చి ఉబ్బినవి కావు. పడుకుని ఉబ్బినవి. రాత్రి బాగా నిద్రపోయావు నువ్వు."

నిఖిత చెయ్యి తెలియకుండానే చెంప మీదకి వెళ్ళింది.

"తప్పు పట్టట్లేదు. ఎనిమిదేళ్ళలో ఇదే మొదటి నిద్ర అయ్యుంటుంది. కానీ పిల్ల క్షేమంగా ఉందని తెలిసిన తల్లే అలా పడుకోగలదు. ఎవరి దగ్గరుంది?"

"నాకు తెలీదు అక్కా."

"తెలుసు. ఇలాంటి పిల్లని పెంచిన మనిషి దగ్గరుంది. నీ కోసం పోలీసు కేసుకి కూడా భయపడని మనిషి దగ్గరుంది. వేలల్లో ఒకరికి వచ్చే జబ్బు ఇది. రెండు ఇళ్ళలో ఉండి, ఆ రెండిళ్ళ ఆడవాళ్ళకీ ఇంత ప్రేముందంటే, ఆ తప్పు ఒక చోట నుంచే వచ్చింది. నాన్న నుంచి." సూర్యకళ గొంతు తగ్గించింది. "బాబాయిగారికి ఇంకో కూతురుంది కదా?"

నిఖిత ముఖం రెండు చేతుల్లో దాచుకుంది. కాసేపటికి చేతుల వెనక నుంచే చెప్పడం మొదలుపెట్టింది.

ఆర్నెల్ల క్రితం డాక్టరమ్మ గుమ్మంలో బెంచీ మీద పక్కన కూచుంది ఆవిడ. పద్మనాభం నుంచి వచ్చింది. పేరు వరహాలమ్మ. ఆవిడ ఒళ్ళో పదేళ్ళ కొడుకు సింహాద్రి. అచ్చం రాణి నవ్వే, అచ్చం రాణి నడకే. మాటల్లో "మా అయ్య పోర్టులో ఖలాసీ, మాయమ్మని పెళ్ళాడకుండా వదిలీసినాడు" అని భీమశంకరరావు పేరే చెప్పింది. తర్వాత డాక్టరమ్మ ఇద్దరి అనుమతితో రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూసింది. ఇద్దరు పిల్లల్లోనూ ఆ జన్యువులో తప్పు ఒకే చోట ఉంది.

"అప్పట్నుంచి అక్కా అని పిలుస్తున్నాను. కాశమ్మని పనికి పెట్టింది కూడా వరహాలక్కే. నిన్న మందు సీసా ఆటోలో పెట్టింది కాశమ్మ. అంతకు మించి దానికేం పాపం తెలీదు."

"మరి బాబాయిగారికి?"

"పిల్లాడున్నాడని నాన్నకి తెలీదు. మేం కలిశామని అసలే తెలీదు." నిఖిత తలెత్తింది. ఆ చూపులో భయం ఉంది. "అక్కా, ఈ ఇంట్లో ఉంటే రాణి బతకదు. అందుకే పంపేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పకు. నీకు దణ్ణం పెడతాను. ఒక్క రెండు రోజులు. నేను ఏదో ఒకటి ఆలోచిస్తాను."

సూర్యకళకి సంపులో ప్యాకెట్ కళ్ళ ముందు మెరిసింది. ఇంట్లో ఉన్నది ఇద్దరు. ఉయ్యాల తాడు బిగిస్తున్న తాత ఒకరు. ఎనిమిదేళ్ళుగా కంటి మీద కునుకు లేని తల్లి ఒకరు. మొగుడు వదిలేశాడు, ఉద్యోగం పోయింది, తల్లి పోయింది. అలసట మనిషి చేత ఏం చేయిస్తుందో సూర్యకళకి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. ఏ అర్ధరాత్రో ఆ దారం ముడేసి, తెల్లారేసరికి తన చేతులకి తనే భయపడి, తాళం వేసి, పిల్లని దూరంగా పంపేసిందన్నమాట. ఆవిడకి నిఖిత మీద కోపం రాలేదు. ఏడుపొచ్చింది.

"సంపు సంగతి నాకు తెలుసమ్మా," అంది నెమ్మదిగా. "ఇంకెవరికీ చెప్పను."

నిఖిత ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తెలుసా? అయితే నీకు చెప్పక్కర్లేదు," అంది. బరువు దిగిపోయినట్టు మంచం మీద ఒరిగి, మాట పూర్తవకుండానే నిద్రలోకి జారిపోయింది. సూర్యకళ దుప్పటి కప్పి, ఫ్యాను పెంచి, చప్పుడు కాకుండా తలుపు వేసింది.

హాల్లో కృష్ణంరాజు నిలబడి ఉన్నాడు.

"అయిందా మేడమ్ దర్యాప్తు? నాను స్టేషన్‌కి వెళ్తన్నాను. కాశమ్మ సంగతి లేడీ కానిస్టేబుళ్ళు చూసుకుంటారు. రెండు పడితే అదే చెప్తాది."

"ఆవిడ మీద చెయ్యి వెయ్యకండి. ఆవిడకేం తెలీదు."

"మీకు తెలుసా అయితే? తెలిస్తే చెప్పండి. లేకపోతే పెళ్ళి ఎంక్వయిరీలు చేసుకోండి, మా కేసుల్లో ఏలు పెట్టకండి."

అక్కడే సూర్యకళ నోరు జారింది. కాశమ్మ వీపు కాపాడాలని కొంత, కృష్ణంరాజు నోరు మూయించాలని ఎక్కువ. ఉయ్యాల మీద నుంచి భీమశంకరరావు లేచి, గుమ్మం పట్టుకుని, "బతికుందా కళా? అదొక్కటి చెప్పమ్మా," అన్నాడు. చావు కబురు కోసం కాచుకుని కూచున్న ముసలాయనకి బతికుందన్న మాట చెప్పకుండా దాచడం మహాపాపం అనిపించింది ఆవిడకి.

"బతికుంది బాబాయిగారూ. క్షేమంగా ఉంది. ఎవరూ ఎత్తుకుపోలేదు. పద్మనాభంలో ఉంది, వరహాలమ్మ ఇంట్లో." ఆయన ముఖం చూడలేక నేల చూసింది. "మీ కూతురు దగ్గరే ఉంది."

కృష్ణంరాజు నోరు తెరిచి మళ్ళీ మూశాడు. ఆ ఒక్క దృశ్యం కోసం పదేళ్ళు ఎదురుచూసిందావిడ. తీరా చూస్తే అంత బాగా ఏమీ లేదు.

భీమశంకరరావు గుమ్మం వదిలి ఉయ్యాల తాడు పట్టుకున్నాడు. తర్వాత, "దానికెలా తెలుసు ఇలాంటి పిల్లని చూసుకోవడం?" అన్నాడు.

"వాళ్ళబ్బాయి సింహాద్రి కూడా ఇలాగే పుట్టాడు."

"అదీ నేనే," అన్నాడాయన, తనలో తనే.

పశ్చాత్తాపం అనుకుంది సూర్యకళ. భుజం మీద చెయ్యి వేసింది. "నిఖిత పడుకుంది. లేపకండి. ఎన్నాళ్ళకో పడుకుంది పాపం. నేను కాశమ్మని విడిపించి, సాయంత్రం రాణిని తీసుకొస్తాను."

"లేపనమ్మా. పడుకోనీ," అన్నాడు భీమశంకరరావు. "ఇంక హాయిగా పడుకోనీ."

స్టేషన్లో పని తేలేసరికి రెండు గంటలు పట్టింది. ఓడిపోయిన కృష్ణంరాజు కాగితాల మీద కసి తీర్చుకున్నాడు. ఒక సంతకానికి నాలుగు చేయించాడు. చివరికి కాశమ్మని బయటికి తెచ్చారు. నలభై ఏళ్ళ మనిషి, రాత్రంతా బల్ల మీద కూచుని కాళ్ళు వాచిపోయాయి. సూర్యకళ టీ తెప్పించి చేతికిచ్చింది.

"నువ్వేం చెప్పక్కర్లేదు కాశమ్మా. రాణి ఎక్కడుందో తెలిసిపోయింది. బాబాయిగారికి కూడా చెప్పేశాను. పద, ఇంటి దగ్గర దింపుతాను."

కాశమ్మ చేతిలో గ్లాసు ఒరిగిపోయి టీ చీర మీద పడింది. తుడుచుకోలేదు.

"పెద్దయ్యకి సెప్పీసినారా అమ్మా?"

"చెప్పాను. ఏం?"

"ఎంత పని సేసినారమ్మా! నాను దెబ్బలు తిన్నా సెప్పనని ఒట్టేసి కూకున్నాను కదా!" కాశమ్మ నేల మీద చతికిలబడింది. "సంపు మూత తీసింది పెద్దయ్యేనమ్మా. మొన్న తెల్లారగట్ట నిఖితమ్మ కళ్ళారా సూసింది. పాప సెయ్యట్టుకుని మూత కాడ నిలబడ్డాడు. ఏడుత్తన్నాడు, పాపేమో నవ్వుతంది. నిఖితమ్మ పరిగెట్టుకెళ్ళి లాగీసింది. కన్న తండ్రిని పోలీసోళ్ళకి ఎలాగ పట్టిచ్చీగలదు? అందుకే పాపని దాసింది!"

సూర్యకళ ఫోను తీసింది. సంపులో తీసిన ఫోటో తెరిచింది. ఇనప మెట్టు, రెండు చుట్లు, కొసని చెవిలా బయటికి తీసిన ముడి. ఎక్కడ చూసిందో ఇప్పుడు తెలిసింది. వసారాలో ఇనప కొక్కేనికి ఉయ్యాల తాడు. అదే చుట్టు, అదే చెవి. పిల్ల ఊగడానికి తాడు కట్టిన చేతులే పిల్ల మునగడానికి దారం కట్టాయి. చిన్నప్పుడు రేవులో తన గౌను రిబ్బను కూడా అలాగే ముడేసి, "లాగు చూద్దాం కళా, ఎలా విడిపోతుందో!" అని నవ్వించిన చేతులు అవి.

ఇంట్లో ఇద్దరే ఉన్నారని తనే లెక్కపెట్టింది. రెండో మనిషిని బాబాయి అని పిలుస్తుంది కాబట్టి లెక్కలోంచి తీసేసింది.

"రాజుగారూ, జీపు!" అని అరిచింది. ఆ అరుపులో ఏముందో గానీ కృష్ణంరాజు ఎందుకని అడగలేదు. టోపీ కూడా పెట్టుకోకుండా డ్రైవర్ని తోసేసి తనే స్టీరింగ్ ముందు కూచున్నాడు.

దారిలో నిఖితకి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. పడుకోనీ అని తనే చెప్పొచ్చింది. పద్మనాభం పోలీసులకి కృష్ణంరాజు ఒంటిచేత్తో బండి నడుపుతూ ఫోను చేస్తున్నాడు. లైను కలవట్లేదు. కాశమ్మ చెప్పిన నంబరుకి సూర్యకళ ఫోను కలిపింది. రెండో రింగుకే ఎత్తారు.

"వరహాలమ్మా? నేను నిఖిత మనిషిని, సూర్యకళని. రాణి ఉందా? ఇంట్లో ఉందా?"

"లేదండి మేడమ్." అవతలి గొంతు వణుకుతోంది. ఏడుపుతో కాదు, పట్టలేని సంతోషంతో. "మా అయ్య వచ్చినాడండి! నాను పుట్టినకాడ్నించి మా గుమ్మం తొక్కని మనిసి, ఇయాల ఆటో దిగి సక్కా లోపలికొచ్చీసినాడు. నా నెత్తి మీద సెయ్యేసి, అమ్మా అని పిలిసినాడు మేడమ్! నలభై ఏళ్ళు కాసుక్కూకున్నాను ఆ మాట కోసం..."

"పిల్లలేరి? వరహాలమ్మా, పిల్లలేరి?"

"ఇద్దర్నీ దగ్గరికి తీసుకుని ముద్దెట్టుకున్నాడండి. 'నేనిచ్చిందే కదమ్మా, నేనే తీసుకుపోతాను' అన్నాడు. మమ్మల్ని కూడా తన ఇంటికి తీసుకుపోతాడు కావాల. ఇంకేటి కావాలి మేడమ్ నాకు?"

"ఎక్కడికెళ్ళారు?"

"గెడ్డకాడికండి. వానలకి నిండుగా పారతంది కదా, పిల్లలకి నీల్లంటే పేనం, సూపించి తెత్తానన్నాడు. ఇటో సెయ్యి, అటో సెయ్యి పట్టుకుని ఇప్పుడే తోవ దాటినారు." వరహాలమ్మ కూడా నవ్వేసింది. "ఎంత సంబరమో సూడాలి మేడమ్! ఇద్దరు పిల్లలూ ఒకటే నవ్వు!"